చేదు లేని జెల్

పైదవడకొక ట్రే, కింది దవడకొక ట్రే, పెదవి మూలన ఉమ్ము లాగేసే గొట్టం గురగురమంటూ, మెడకి క్లిప్పులతో తగిలించిన కాగితపు తువ్వాలు, ఇవన్నీ బిగించాక మనిషికి మిగిలేవి కళ్ళు, చెవులు, అనుమానం. మూడోది ఆవిడకి పుట్టుకతోనే కొంచెం ఎక్కువ పాళ్ళలో వచ్చింది. దానికి ఉద్యోగం తోడై సానబెట్టింది. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే పని ఆవిడది. బస్సెక్కిన ప్రతి మొహాన్నీ ముందు అనుమానించి, తర్వాత తీరిగ్గా నమ్మడానికే జీతమిస్తారు. టికెట్టున్నవాడు చెకింగ్ యూనిఫారం కనపడగానే జేబు తడుముకుంటాడు, లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, అక్కడ ఇంతకు ముందెన్నడూ చూడని వింత ఏదో ఉన్నట్టు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇది తప్పిన సందర్భాలు బహు తక్కువ. ఇందాక ట్రేలు నోట్లో పెట్టి, రెండు వేళ్ళతో గడ్డం కింద నొక్కి, "కాసేపు కదలకు వదినా" అన్నప్పుడు డాక్టరమ్మ, అంటే ఆవిడ ఆడపడుచు, మొగుడికి స్వయానా చెల్లెలు, కిటికీలోంచి బయటికి చూసింది. కిటికీ బయట పక్క బిల్డింగు గోడ తప్ప మరేమీ లేదు.

గోడ. సున్నం రాలి, గొట్టాల జాయింటు దగ్గర చెమ్మ ఎక్కి, ఉత్త గోడ. దాన్నంత ఇష్టంగా చూడాల్సిన అవసరం ఒక పళ్ళ డాక్టరుకి ఎందుకొచ్చిందా అని ఆవిడ కుర్చీలో వెల్లకిలా పడుకుని ఆలోచిస్తోంది, ఆలోచించడం తప్ప చెయ్యగలిగింది లేదు కూడా, నోరు కట్టేసినట్టుంది, మింగకూడదు, మాట్లాడకూడదు, నాలుక కదపకూడదు, కదిపితే నాలుక అంచుకి జెల్ తగులుతుంది, తగిలితే, అదిగో, తియ్యగా, చల్లగా, పుదీనా బిళ్ళ చప్పరించినట్టు హాయిగా ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడూ ఇంతే, రెండోసారీ ఇంతే. భలే ఉందే అని నవ్వింది కూడా. ఆ రెండుసార్లూ ఈ గదిలో తనొక్కతే. రెండో కుర్చీకి ప్లాస్టిక్ కవరు కప్పి ఉండేది. ఇవాళ ఆ కుర్చీలో ఇంకో ఆవిడుంది. రోజు పొరపాటు పడి వచ్చేశానమ్మా, చంటిపిల్లని మా చెల్లికి అప్పజెప్పి వచ్చాను, మళ్ళీ మళ్ళీ రాలేనని గుమ్మంలో ఆవిడ బతిమాలుకుంటుంటే డాక్టరమ్మ మొహం మాడిపోయింది. ఇద్దరు తల్లులు ఒక గదిలో పక్కపక్కన పడుకుని నోళ్ళు తెరిస్తే కొంప మునిగేది ఏముంది? ఏదో మునుగుతుందన్నట్టే చూసింది. సరేలెండి, కూర్చోండి అని కవరు తీసింది గాని, తీసేటప్పుడు కవరు చిరిగింది.

ఆ పక్క కుర్చీ ఆవిడ ఇప్పుడు ఆముదం తాగిన మొహం పెట్టుకుని ఉంది. కంటికొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. మధ్య మధ్యలో గొంతులోంచి ఊఁ ఊఁ అని మూలుగు. చేదు. అది నొప్పి కాదు, చేదే. చిన్నప్పుడు మాత్ర గొంతులోకి పోక నాలుక మీదే కరిగిపోయినప్పుడు మొహం ఎలా ముడుచుకుపోతుందో అలా ముడుచుకుపోయింది ఆ మొహం. చూడగానే ఈవిడ గుర్తుపట్టింది. ఎందుకంటే చేదు సంగతి ఈవిడకి తెలుసు. డాక్టరమ్మ డాక్టరమ్మ కాకముందు, పరీక్షలకి చదివే రోజుల్లో, వంటింటి గట్టుమీద కాళ్ళూపుకుంటూ కూర్చుని పాఠాలు పైకి చదివేది, పైకి చదివితే గాని బుర్రకెక్కదామెకి, ఈవిడ ఉల్లిపాయలు తరుగుతూ ఊఁ కొట్టేది. ఆ ఉల్లి ఘాటుతోపాటు ఎన్నో మాటలు చెవుల్లో పడి ఉండిపోయాయి. పళ్ళు పుచ్చే సూక్ష్మజీవుల్ని చంపే మందు, వాడితే వచ్చే ఇబ్బందులు, చేదు, పళ్ళమీద గోధుమరంగు మరకలు, నాలుకకి ఉప్పు తెలియకపోవడం. అప్పుడు నవ్వింది తను, ఉప్పు తెలియకపోతే మీ అమ్మ వంట బాగానే ఉంటుందన్నమాట అని. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అత్తగారు పక్క గదిలోంచి ఏంటే అని అరిచారు.

మందైతే చేదుండాలి. తనది తియ్యగా ఉంది. ఇందులో పెద్ద లెక్కేముంది?

కాదు, ఉంది, కొంచెం ముందునుంచి రావాలి. ఈ తతంగం ఎందుకంటే, డాక్టరమ్మ పై చదువు చదువుతోంది, ఆ చదువుకి ఒక స్టడీ చేసి చూపించాలి. చంటిపిల్లలున్న తల్లులు కావాలి, పిల్లలకింకా పళ్ళు రాకూడదు, తల్లుల నోట్లో మాత్రం పళ్ళు పుచ్చే సూక్ష్మజీవులు పుష్కలంగా ఉండాలి. సగంమందికి మందున్న జెల్, సగంమందికి ఉత్త జెల్. నెలకోసారి ఇక్కడ ట్రేలతో, మిగతా రోజులు ఇంట్లో ట్యూబుతో. తల్లి నోట్లో పురుగు తగ్గితే పిల్ల నోటికి ఆలస్యంగా చేరుతుందా, అసలు చేరదా, అదీ చూడాల్సింది. ఎవరికి మందు, ఎవరికి ఉత్తది అన్నది ఇక్కడెవరికీ తెలియదు, ట్యూబులు ఎక్కడో తయారై నంబర్లతో వస్తాయి. నాక్కూడా తెలీదు వదినా, ఒట్టు, అంది మొదటిరోజు. నాకు తెలీదండీ, ఒట్టండీ, ఎక్కడో పడిపోయిందండీ. ఈ మాటలు రోజూ కదిలే బస్సులో, కడ్డీ పట్టుకుని, వింటూనే ఉంటుంది ఆవిడ.

అద్దం. ప్రతి ఉదయం బాత్రూం అద్దం ముందు పెదాలు వెనక్కి లాగి చూసుకుంటోంది, మరకలు వచ్చాయా అని. మొగుడు ఒకసారి చూసి, పళ్ళు తెల్లగా రావాలని చూసుకునే ఆడవాళ్ళని చూశాగాని మరకల కోసం వెతుక్కునేదాన్ని నిన్నే చూస్తున్నా అన్నాడు. అన్నాడుగాని అతనికేం తెలుసు. పాలల్లా తెల్లగా మెరుస్తున్నాయి దిక్కుమాలిన పళ్ళు. కూరలో ఉప్పు తక్కువైతే ఠకీమని తెలిసిపోతోంది నాలుకకి. ఆ రెండు సంగతులూ మనసులో పెట్టుకునే ఉంది, పైకి తీయలేదు, ఎందుకంటే పైకి తీస్తే ఆడపడుచుని అనుమానించినట్టు. అనుమానించినట్టు ఏమిటి, అనుమానమే. పైకి అంటే ఇల్లంతా రభస.

కారిడార్లోంచి చంటివాడి ఏడుపు. చెవులు రిక్కించింది. ఆకలిది కాదు, అది గీపెట్టే ఏడుపు, ఇది విసుగు ఏడుపు. గుండుగాడు. పుట్టినప్పుడు తలమీద ఒక్క వెంట్రుక లేదని తండ్రి పెట్టిన పేరు, ఇప్పుడు కాసిని వచ్చినా పేరు మారలేదు. అతను వాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఎడమ చెప్పు పట్టీ ఊడి నేలకి టపటప కొట్టుకుంటోంది, కుట్టించుకోమంటే కుట్టించుకోడు. వాడి చిగుళ్ళు. గులాబీ రంగులో, తడిగా, దేనికీ చోటివ్వకుండా నున్నగా. అందులోకి ఇవాళో రేపో తెల్లటి మొన ఒకటి పొడుచుకొస్తుంది, ఆ రోజునుంచీ లెక్క మొదలవుతుంది. పన్ను వచ్చేదాకా పురుగుకి నిలవడానికి గట్టి చోటు దొరకదట. పన్ను రాగానే కాపరం పెడుతుందట. చక్కెర తిని పులుపు కక్కుతుందట. ఎవరి నోట్లోంచి వస్తుందట? తల్లి నోట్లోంచి.

ఆ మాట. ఆ మాట అన్నది ఈ గదిలో కాదు, భోజనాల బల్ల దగ్గర, అందరూ ఉండగా. పెద్ద కూతురు పిచ్చుకకి అప్పుడు మూడేళ్ళు. ముందు పైపళ్ళ మీద చిగురు దగ్గర తెల్లటి గీత వచ్చింది, పాల మరకేమో అనుకున్నారు, గీత పసుపుపచ్చైంది, పచ్చది గోధుమరంగైంది, చూస్తుండగానే అంచులు అరిగి, విరిగి, నల్లటి మొండాలు మిగిలాయి. పిల్ల చల్లటి నీళ్ళు తాగలేక ఏడ్చేది, ఆకలేసి కంచం ముందు కూర్చుని, కంచం వంక చూసి ఏడ్చేది. చివరికి మత్తిచ్చి ముందు పళ్ళు నాలుగూ పీకించాల్సి వచ్చింది. మత్తు దిగాక పిల్ల నాలుకతో వెతుక్కుంది పళ్ళకోసం, వెతుక్కుని, అమ్మా ఏవీ అంది. ఏం చెప్పాలి. ఆ తర్వాత చాలాకాలం నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది, ఎవరూ నేర్పకుండానే. ఆ వారమే హాస్టల్నుంచి సెలవులకొచ్చిన ఆడపడుచు, అన్నం కలుపుకుంటూ, వాళ్ళమ్మతో, ఎంతో తెలిసినదాన్లా చెప్పింది, ఇది పుట్టుకతో వచ్చేది కాదమ్మా, ఎక్కువగా తల్లి నోట్లోంచే వస్తుంది, చెంచా రుచి చూసి పెడతారు చూడు, ఊది పెడతారు చూడు, అలా. అత్తగారు తల తిప్పి కోడలి నోటి వంక చూశారంతే. మొహం వంక కాదు, నోటి వంక. అప్పుడు తను నోట్లో ఉన్న ముద్ద మింగలేక, కక్కలేక, మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ గ్లాసు అడుగునుంచి చూస్తే బల్ల దగ్గర మనుషులందరూ వంకర్లు తిరిగి కనిపించారు.

గుండుగాడు పుట్టాక వాడి బుగ్గ మీద, పెదాల మీద పెదవి ఆనించలేదు. అరికాళ్ళ మీద పెట్టుకుంటుంది ముద్దులు, అదీ తలుపు వేసుకుని. గంజి కాలుతుందేమోనని ఊదబోయి, ఆగి, కాగితంతో విసురుతుంది. ఇంతా చేసి, నోట్లో ఉత్త తీపి పెట్టించుకుని, గోడవైపు చూసే డాక్టరు దగ్గర పడుకుని ఉంది.

"చాలు, ఉమ్మేయండి ఇద్దరూ," అంది డాక్టరమ్మ, ట్రేలు లాగుతూ. ఎవరి మొహమూ చూడలేదు. ట్రేలు పట్టుకుని మూలనున్న సింకు దగ్గరికి వెళ్ళి నీళ్ళు ధారగా తిప్పింది, ఎంత చప్పుడు కావాలో అంతా చేస్తూ.

పక్క కుర్చీ ఆవిడ గిన్నెలోకి ఉమ్మి, ఉమ్మి, పైట చెంగుతో నాలుక తుడుచుకుంది. "అబ్బ! పేగులు బయటికొస్తాయేమో అనుకున్నా. మీకెలా ఉందండీ?"

"బాగానే ఉంది."

"చేదు లేదూ?"

"లేదు. పిప్పరమెంటులా ఉంది."

ఆవిడ ఈవిడ వంక ఒక్క క్షణం చూసింది. "అదృష్టవంతులు," అంది. ఆ మాటలో ఏదో ఉంది, వెంటనే పట్టుకోలేకపోయింది ఈవిడ, పట్టుకునేలోపే మళ్ళీ ట్రేలు వచ్చి నోట్లో కూచున్నాయి.

అదృష్టం! అదృష్టమట. ఇప్పుడిక ముసుగెందుకు, ఆ ట్రేలో మందుంది, ఈ ట్రేలో లేదు. ఇది తేలిపోయింది. తేలాల్సింది, కావాలని చేసిందా, కాకతాళీయమా. నంబర్లట. నంబర్లు ఎవరు రాస్తారు? మనుషులే. మొదట్లో అన్నతో ఏమంది, వదినని నా స్టడీలో పెట్టుకోను, ఇంట్లోవాళ్ళని పెట్టుకుంటే బాగోదు అంది. తర్వాత ఒకరోజు తనే ఫోన్ చేసి, ఒకరు తగ్గారు వదినా, నువ్వు రావాలి అంది. తగ్గింది ఏ గుంపులో? ఉత్త గుంపులోనా? ఉత్త గుంపుకి ఒక నోరు కావాల్సి వచ్చిందా, బాగా పాడైన నోరు, పిల్లకి తప్పకుండా అంటించే నోరు, ముందే ఒక పిల్లని పాడుచేసి చూపించిన నోరు? స్టడీలో చేర్చుకునే ముందు నాలుక మీద ప్లాస్టిక్ పట్టీ ఆనించి, సీసాలో వేసి, వెచ్చగా ఉంచి తీస్తే దాని మీద పురుగు పెరిగిన చోటల్లా నీలం చుక్కలు వచ్చాయి, ఎన్ని చుక్కలంటే చుక్కల మధ్య పట్టీ కనపడలేదు. అబ్బో అంది డాక్టరమ్మ పట్టీని వెలుతురుకి పెట్టి. ఆ అబ్బోలో జాలి ఉందా, దొరికింది అన్న సంతోషం ఉందా? అప్పుడు జాలే అనుకుంది. ఇప్పుడు, వెల్లకిలా, నోరు బిగబట్టుకుని, దాన్ని మళ్ళీ విని చూసుకుంటే సంతోషంలా వినిపిస్తోంది. మళ్ళీ వింటే జాలిలా. ఇంకోసారి వింటే ఉత్త అబ్బో.

జడ గుర్తొచ్చింది, ఎందుకో. పెళ్ళై కొత్తగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు డాక్టరమ్మ ఇంకా స్కూలు పిల్ల, ఒత్తుగా జుట్టు, చిక్కు తియ్యనిచ్చేది కాదు ఎవర్నీ. వాళ్ళమ్మ దువ్వెనతో ఒకటి వేస్తే ఏడుస్తూ ఈవిడ గదిలోకి వచ్చి, నువ్వైతే నొప్పి లేకుండా తీస్తావట కదా అని వీపు తిప్పి కూచుంది. ఆ వీపు, మెడ మీద పుట్టుమచ్చ. ఆ పిల్ల అబద్ధమాడితే ఆ మెడ ఎర్రబడేది, ఎంత చిన్న అబద్ధమైనా. ఇప్పుడు తెల్లకోటు కాలరు మెడ దాకా ఉంది. కనపడదు. కావాలనే పైదాకా గుండీలు పెట్టుకుందా? గదిలో ఫాను కూడా లేదే, ఉక్కపోస్తోందే, అంత బిగించుకోవడం దేనికి? ఆపు, అనుకుంది తనతో తనే, కోటుకి గుండీలు పెట్టుకోవడం కూడా నేరమేనా? ఆగలేదు. మొన్నామధ్య చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది, పనేం లేదు ఊరికే వచ్చా అంది, బ్యాగు ఒళ్ళోంచి దించలేదు, టీ సగం తాగింది, గుండుగాడు వేలు పట్టుకుంటే విడిపించుకోకుండా చాలాసేపు కూర్చుంది, వెళ్ళిపోయింది. ఇల్లెలా ఉంచుకుంటున్నానో చూడ్డానికొచ్చింది అనుకుంది ఆ రోజు, సింకులో గిన్నెలు లెక్కపెట్టి వాళ్ళమ్మకి చెప్పడానికి. ఇప్పుడు అనిపిస్తోంది, పిల్లాడి చిగుళ్ళు చూడ్డానికి వచ్చిందేమో, పన్ను వచ్చిందా, పుచ్చడం మొదలైందా అని, పంట ఎదిగిందా అని చూసుకునే ఆసామిలా. ఒళ్ళు మండిపోయింది. పళ్ళు నూరబోతే ట్రే అడ్డొచ్చింది.

రెండోసారి ఉమ్మించాక, ఇంకొక్కసారి, ఆఖరుది, అంది డాక్టరమ్మ. కొత్త ట్రేలు రెండు జతలు తెచ్చి, గోడవైపు తిరిగి ఎవరి ట్యూబు వాళ్ళ ట్రేల్లో పిండి, రెండు స్టీలు పళ్ళేల్లో పెట్టి, కుర్చీల మధ్యనున్న బల్లమీద ఉంచింది. అంతలో ఎవరో తలుపు దగ్గరికొచ్చి ఎక్స్‌రే గదిలోకి పిలిచారు. ఒక్క నిమిషం, ముట్టుకోకండి అని వెళ్ళింది. పక్క కుర్చీ ఆవిడ లేచి సింకు దగ్గరికెళ్ళి పుక్కిలిస్తోంది.

ముట్టుకోకండి. ముట్టుకోకండి అని ఎవరితో అంది? ఇద్దరితోనా, తనతోనా?

పక్క పళ్ళెంలో ట్రే చేతికందే దూరంలో ఉంది. ఎడం చేతి చిటికెన వేలు దానంతట అదే వెళ్ళినట్టు వెళ్ళింది. జెల్ అంచు తాకి, వేలు వెనక్కొచ్చి, నాలుక మీదికి చేరింది. అంతే. చెవుల వెనకదాకా పాకింది చేదు. ఒళ్ళు జలదరించింది. కాని, ఎంత సిగ్గులేని సంతోషం, ఇదిగో ఇదే, ఇదే కావాల్సింది నాకు అనిపించింది. రెండు పళ్ళేలూ ఒకేలా ఉన్నాయి. ట్రేలూ ఒకేలా. జెల్ రంగూ ఒకటే. ఈ పళ్ళెం ఇటు, ఆ పళ్ళెం అటు, రెండు చేతులకీ ఒక్క కదలిక పని. చేతులు బల్లమీదికి వచ్చాయి కూడా. సింకు దగ్గర వంగిన వీపు కనిపిస్తోంది, పాత జాకెట్టు, భుజం దగ్గర పాలు కక్కిన మరక ఆరి తెల్లగా అట్టగట్టి ఉంది. తన భుజం మీదా సరిగ్గా అక్కడే ఉంది అలాంటి మరక. వాళ్ళింట్లో కూడా ఒకటి ఉందన్నమాట, నున్నటి చిగుళ్ళతో. చేతులు బల్లమీదే ఉండిపోయాయి, ముందుకీ వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు.

"నాది రుచి చూశారు కదూ?"

ఆవిడ ఎప్పుడు తిరిగిందో. మూతి తుడుచుకుంటూ చూస్తోంది. దొరికిపోయినవాళ్ళు ఏం చేస్తారో ఈవిడకి బాగా తెలుసు. తనేం చేస్తుందో తెలియదు. "చూశాను," అంది.

"చూడండి, చూడండి. మీకూ తెలియాలి," అంది ఆవిడ. "మీరు డాక్టరమ్మగారి వదినట కదా, బయట మీ ఆయన చెప్పారు. నేనూ మా ఆయనా ముందునుంచీ అనుకుంటూనే ఉన్నాం. కావల్సినవాళ్ళకి మంచిది పెట్టుకుని, ఊరూ పేరూ లేనివాళ్ళకి ఈ పాడుది అంటగడుతున్నారని. ఇవాళ మీ మొహం చూశాక రూఢి అయింది."

"మంచిది నాకా?"

"కాక? పిప్పరమెంటులా ఉందని మీ నోటితో మీరే అన్నారుగా. ఇంట్లో వాడమని ట్యూబులిచ్చారు చూడండి, ఒక్కటీ వాడలేదు నేను. అన్నీ డ్రైనేజీలో పిండేశా. పాలిచ్చే తల్లిని, ఏ విషమో ఏమో!"

ఈవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, నవ్వు కాదది, పొట్టలోంచి ఏదో ఎగదన్నుకొచ్చింది. తను రోజూ అద్దంలో మరకల కోసం వెతుక్కుంటుంటే, ఎక్కడో ఇంకో ఇంట్లో, ఇంకో తల్లి, తనకి దక్కని మందుని మోరీలోకి పిండి పైన నీళ్ళు కొట్టింది. తను ఆవిణ్ణి చూసి కుళ్ళుకుంది, ఆవిడ తనని చూసి కుళ్ళుకుంది. మధ్యలో డాక్టరమ్మ గోడని చూస్తూ నిలబడింది. "అయ్యో, అదే మందండీ," అంది. "చేదే మందు. ఉత్తది నాది."

"మీరలాగే అంటారు," అంది ఆవిడ. కాని గొంతులో పట్టు సడలింది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ లోపలికొచ్చి, ఇద్దరినీ చూసి, బల్లమీద ట్రేలని చూసి, ఒకదాని అంచున జెల్ మీద వేలి గుర్తు చూసి, అక్కడే ఆగిపోయింది.

"నాకు ఉత్తది పెట్టావు," అంది వదిన.

"నేను పెట్టలేదు వదినా. నిజంగా. నంబర్ల ప్రకారం..."

"నీకు తెలుసా, తెలీదా?"

డాక్టరమ్మ చక్రాల స్టూలు లాక్కుని కూర్చోబోతే అది జారి అంత దూరం పోయింది, మళ్ళీ లాక్కుని కూర్చుంది. "తెలుసు," అంది. "ఎవరూ చెప్పలేదు. రెండూ ఒకే రుచిలో ఉండాలి. ఉత్తదాన్లోనూ చేదు కలిపి పంపాలి. పంపినవాళ్ళు కలపలేదు. మొదటిరోజు నువ్వు ఉమ్మేసి భలే ఉందే అని నవ్వావు చూడు, అప్పుడే నా గుండె జారిపోయింది. ఆ రోజు నీకు ముందొచ్చిన ఇద్దరూ ఏడ్చి వెళ్ళారు."

"మరి నోరెందుకు మెదపలేదు?"

"మెదిపితే మొత్తం ఆగిపోతుంది. ఇంత చాకిరీ, ఈ చదువు, మళ్ళీ మొదట్నుంచి. ఒకరినొకరు కలవకుండా విడివిడిగా పిలిస్తే ఎవరికీ తెలీదులే అనుకున్నా." స్టూలు వదిన వైపు తిప్పుకుంది. "నీకు అసలుది ఇద్దామని ఒకరోజు బ్యాగులో వేసుకుని మీ ఇంటికి కూడా వచ్చాను. గుండుగాడు వేలు పట్టుకున్నాడు. ఇస్తే ఒక తప్పు, ఇవ్వకపోతే ఒక తప్పు. టీ తాగి వచ్చేశా."

పక్క కుర్చీ ఆవిడ నెమ్మదిగా కూర్చుంది. "అంటే, నేను పారబోసింది నిజంగా మందేనా?"

"పారబోశారా!" అంది డాక్టరమ్మ. రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ మధ్యనుంచి మాటలు వచ్చాయి, "అయినా అది పనిచేస్తుందో లేదో కూడా నాకు తెలీదండీ. తెలుసుకుందామనే కదా ఇదంతా."

అది కూడా తెలీదు. ఆ మాట ఈవిడ చెవిలో చాలాసేపు ఉండిపోయింది. చేదుగా ఉంది కాబట్టి పనిచేస్తుందని తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. భోజనాల బల్ల దగ్గర అంత గట్టిగా చెప్పిన పిల్ల, ఇప్పుడు డాక్టరై, కోటేసుకుని, తెలీదంటోంది. ఆ రోజు తెలీదని ఉంటే ఎంత బాగుండేది. ఒక్క ముద్ద గొంతు దిగేది. అయినా నమ్మాలా ఇదంతా? బ్యాగు సంగతి, టీ సంగతి. అబద్ధమాడేవాళ్ళు కూడా ఇలాంటి చిన్న చిన్న గుర్తులు అతికించుకుంటారు నమ్మడం కోసం. కాని ఆ రోజు టీ సగమే తాగింది, అది నిజం. బ్యాగు దించలేదు, అది నిజం. చంటివాడి గుప్పిట్లో వేలు వదిలేసి, గదిలో ఎవరూ లేనట్టు వాణ్ణే చూస్తూ కూచుంది, అదీ నిజం. అదే రోజు, అవే కళ్ళతో చూసి, సింకులో గిన్నెల కోసం వచ్చిందనుకుంది తను. చూసినదంతా సరిగ్గానే చూసి, అర్థం మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంది? వెతుక్కుంటే అది భోజనాల బల్ల దగ్గర్నుంచే తెచ్చుకుంది, ఇన్నేళ్ళూ మోసుకుని.

"మీ సారు పైన ఉన్నారా?" అంది మెడకున్న కాగితపు తువ్వాలు లాగేస్తూ.

"ఏ సారు?"

"నీ స్టడీ చూసే సారు."

"ఉన్నారు. ఇప్పుడా? రేపు నేనే నెమ్మదిగా..."

"రేపటికి నువ్వో కారణం వెతుక్కుంటావు. మీ అన్న ఇంకోటి వెతికిస్తాడు. ఇంట్లో అందరం కూచుంటే నేనూ ఒకటి వెతికి పెడతాను, నీ మొహం చూడలేక. ఇప్పుడే పద."

డాక్టరమ్మ కదల్లేదు. వదిన చెయ్యి చాపింది. ఆ పిల్ల ఆ చెయ్యి పట్టుకుని లేవలేదు, తనంతట తనే లేచింది, కోటు పైగుండీ విప్పుకుని గట్టిగా ఊపిరి తీసింది. పక్క కుర్చీ ఆవిడ కూడా లేచి చెప్పులు వెతుక్కుంటూ, "నేనూ వస్తా," అంది. "నేను లేకుండా ఏం మాట్లాడుకుంటారో నాకేం తెలుసు?"

"రండి," అంది ఈవిడ. ఆ అనుమానం మీద ఈవిడకి ఎందుకో గౌరవం కలిగింది.

కారిడార్లో మొగుడు చంటివాణ్ణి భుజం మార్చుకుంటూ, అయిపోయిందా అన్నాడు. లేదు, ఇంకా ఉంది, వాణ్ణిటివ్వు అంది. గుండుగాడు రెండు చేతులూ చాపి మీదికి దూకాడు, మెడ ఒంపులో తడి మూతి ఆనించాడు. మెట్ల మీద ముందు డాక్టరమ్మ, వెనక ఈవిడ, ఆ వెనక రొప్పుతూ ఆ ఇంకో ఆవిడ. నోట్లో వేలెడంత చేదు ఇంకా పోలేదు, తీపి ఎప్పుడో పోయింది. ముందు వెళ్ళే పిల్ల మెడ కనిపిస్తోంది ఇప్పుడు, ఎర్రగా లేదు, పాలిపోయి ఉంది. మలుపు దగ్గర ఎడమకి తిరిగితే కిందికి దిగే ఇంకో మెట్లదారి, కుడికి తిరిగితే గదులు. తిరిగే ముందు ఆ పిల్ల ఒక్క అడుగు నెమ్మదించింది. ఈవిడ ఏమీ అనలేదు, తోయలేదు, పిల్లాడి వీపు నిమురుతూ రెండు మెట్ల కింద నిలబడింది. ఆ పిల్ల కుడికి తిరిగింది. తలుపు తట్టి, లోపల్నుంచి రమ్మన్నాక, గుమ్మంలోనే నిలబడి, "సార్, నా స్టడీ చెడిపోయింది. చెడిపోయిందని నాకు మొదటినుంచీ తెలుసు. దాచాను," అంది.

వదిన ఆ మాటల్ని అలవాటు కొద్దీ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎక్కడా లొసుగు కనపడలేదు. చంటివాణ్ణి సర్దుకుని, పక్కనున్నావిడకి చోటిచ్చి, తనూ లోపలికి అడుగుపెట్టింది.